గోలలో ఎన్ని మాటలు అందాయి

మామిడికాయల కాలం వచ్చిందంటే మా క్యాజువాలిటీలో ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. బంగారుపాళ్యం దగ్గర హైవే మీద కాయల లారీలు బారులు తీరతాయి. వాటి సందుల్లోంచి గుజ్జు ఫ్యాక్టరీలకు కూలీలను ఎక్కించుకుని ఆటోలు దూసుకుపోతుంటాయి. ఆ రోజు మధ్యాహ్నం అలాంటి ఆటో ఒకటి బోల్తా పడి ఆరుగురిని ఒక్కసారే తీసుకొచ్చారు. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. అప్పటికి పద్దెనిమిదేళ్ల సర్వీసు.

దెబ్బలు తగిలినవాళ్ల ఏడుపులు, వాళ్ల వెనక వచ్చిన బంధువుల కేకలు, మానిటర్ల మోతలు, ఎవరో స్ట్రెచర్‌ను గోడకు గుద్దిన చప్పుడు. వీటన్నిటి మధ్య మూల మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనకూ ఆ ఆటోకూ సంబంధం లేదు. షుగర్ బాగా పెరిగిపోయి పొద్దున్నే వచ్చాడు. డాక్టర్ నా వెనక మంచం దగ్గర ఒకామె నుదుటికి కుట్లు వేస్తున్నాడు. మూతికి మాస్కు ఉంది. తల తిప్పకుండానే ఆ పెద్దాయనకు ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో చెప్పాడు.

"సిక్స్‌టీన్" అని నాకు వినబడింది. లీలగా కాదు, అనుమానంగా కాదు, స్పష్టంగానే వినబడింది.

సిరంజిలోకి పదహారు యూనిట్లు తీసుకున్నాను. ఇన్సులిన్ ఇచ్చే ముందు ఇంకో నర్సుకు చూపించాలన్నది మా నియమం. పక్కన ఐరాల నుంచి వచ్చే అమ్మాయి ఉంది, చేరి రెండేళ్లయింది. సిరంజి ఆమె కళ్ల ముందు పెట్టాను. ఆమె సిరంజినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"పదహారు తీసినావేందక్కా? సారు ఆరని గదా సెప్పినాడు?"

నేను డాక్టర్ వైపు తిరిగి అడిగాను. "సిక్స్! సిక్స్ యూనిట్స్!" అన్నాడు విసుగ్గా, సూది ఆపకుండా.

ఆ మందు పారబోసి కొత్తగా ఆరు యూనిట్లు తీశాను. పెద్దాయనకు ఇదేమీ తెలియదు. కాసిన్ని నీళ్లు ఇవ్వమని భార్యను అడుగుతున్నాడు. ఆయన చేతికి సూది వేసే ముందు సిరంజి మీద గీతను ఇంకోసారి చూసుకున్నాను.

"ఈ గోలలో ఎవురికి మాత్రం ఇనబడతాదిలే అక్కా" అంది ఆ అమ్మాయి, నన్ను ఊరడించడానికి. కానీ ఆమెకు వినబడింది. అదే గోలలో, నాకన్నా దూరంగా నిలబడి, ఆమె సరిగ్గా విన్నది.

ఇలాంటివి జరిగితే రాయడానికి మా దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ప్రమాదం జరగకపోయినా, జరగబోయి తప్పినా సరే, రాయాలి. ఆ రోజు డ్యూటీ దిగేటప్పుడు ఆ రిజిస్టరు ముందు కాసేపు నిలబడి, రాయకుండా వచ్చేశాను.

ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే చాలా సంగతులు గుర్తుకొచ్చాయి. కరోనా రోజుల్లో అందరమూ మాస్కులు కట్టుకున్నప్పుడు ఎవరి మాటా నాకు అందేది కాదు. అందరికీ అంతేనేమో అనుకున్నాను. వార్డుల్లో మాస్కులు తీసేశాక బాధ తగ్గింది. క్యాజువాలిటీలో మాత్రం చాలామంది డాక్టర్లు తీయలేదు. పెళ్లిళ్లలో మేళం మోగుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు ఏం చెప్పినా నవ్వి తల ఊపడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఒకసారి మా ఆడబిడ్డ తన అత్త చనిపోయిన సంగతి చెబుతుంటే కూడా అలాగే నవ్వి తల ఊపాను. ఆమె ఏడాది పాటు నాతో సరిగా మాట్లాడలేదు.

భయం పట్టుకున్నాక నన్ను నేనే పరీక్షించుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన ఐరాల దాటాక ఒక పల్లెలో బడిపంతులు. ఒక ఆదివారం ఆయన చేతికి నాలుగో తరగతి తెలుగు వాచకం ఇచ్చాను. మిక్సీ జారులో నీళ్లు పోసి ఆన్ చేసి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన నా వెనక తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క మాటా చదవాలి, నేను తిరిగి చెప్పాలి, ఆయన మార్కులు వేయాలి.

మొదటిసారి పదింటికి నాలుగు వచ్చాయి. "పలక" అంటే "మొలక" అన్నాను. "గొడుగు" అంటే నాకు ఏమీ వినబడనే లేదు.

"ఇంగోసారి సూద్దాం" అన్నాడాయన.

రెండోసారి పదింటికి తొమ్మిది. ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన తలుపు దగ్గర లేడు. నా భుజానికి జానెడు దూరంలో ఉన్నాడు. మెడ నరాలు ఇంకా ఉబ్బి ఉన్నాయి.

"నువ్వు అరిసినావు" అన్నాను.

"నేనేం అరసలేదే!"

"బడిలో పిలకాయలకు గూడా ఇట్లనే మార్కులు ఏస్తావా?"

ఆయన మిక్సీ ఆపేశాడు. పుస్తకం మూసి స్టవ్ పక్కన పెట్టాడు. "నీకు తక్కువొస్తే సూడలేక పోయినాను" అన్నాడు. ఇంట్లో ఇక ఈ పరీక్ష కుదరదని అప్పుడు అర్థమైంది. నా మీద ప్రేమ లేని మనిషి ఎవరైనా చేయాలి దీన్ని. లేదా యంత్రం చేయాలి.

తిరుపతిలో చెవి పరీక్షలు చేసే చోటు ఒకటి ఉందని కనుక్కుని, సెలవు రోజున టైము తీసుకున్నాను. ముందురోజు మా అమ్మకు ఫోన్ చేసి మాటల్లో చెప్పాను. మా అమ్మానాయనలది నగరి. నాయన ఇప్పటికీ రెండు పవర్‌లూమ్ మగ్గాలు నడిపిస్తాడు. ఆయన ఫోన్‌లో మాట్లాడడు. అది ఆయనకు ఇష్టం ఉండదని మేమందరం అనుకునేవాళ్లం. అమ్మ ఆయనకు ఏం చెప్పిందో ఏమో, పొద్దున నేను తిరుపతి బస్టాండులో దిగేసరికి నాయన నాకంటే ముందే నగరి బస్సు దిగి నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని.

"నువ్వెందుకొచ్చినావు నాయనా?" అన్నాను.

"ఆస్పత్రికి ఒంటిగా పోతారా పాపా యాడన్నా?" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా నేను రోజూ ఆసుపత్రికి ఒంటరిగానే పోతున్నానని ఆయనకు తోచినట్టు లేదు.

పరీక్ష చేసే అమ్మాయికి ఇరవయ్యారు ఇరవయ్యేడేళ్లు ఉంటాయేమో. చంద్రగిరి నుంచి రోజూ స్కూటీ మీద వస్తానని చెప్పింది. నాయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లి మందమైన తలుపు వేసింది. ఒక్కసారిగా లోకమంతా ఆగిపోయినట్టయింది. నా గుండె చప్పుడు నాకే వినబడింది. గోడలో ఒక అద్దం ఉంది, అవతల ఆ అమ్మాయి కనబడుతోంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కమంది. సన్నటి కూతలు, దూరంగా పిట్ట కూసినట్టు. దాదాపు అన్నిటికీ నొక్కాను.

"బాగున్నాయి మేడం. బాగా సన్నటి శబ్దాల దగ్గర మాత్రం కొంచెం తగ్గింది. మీ వయసుకు అది మామూలే" అంది నవ్వుతూ.

సంతోషించాల్సింది. దానికి బదులు ఏడుపొచ్చింది. ఇన్సులిన్ సంగతి అప్పటిదాకా మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఆ అమ్మాయికి చెప్పేశాను. "నా ఉద్యోగం కూతలు వినడం కాదమ్మా. గోలలో మాట వినడం" అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "దానికి వేరే పరీక్ష ఉంది. అందరూ అడగరు" అని మళ్లీ నన్ను లోపల కూర్చోబెట్టింది. ఒక ఆడగొంతు చిన్న చిన్న వాక్యాలు చెబుతుంది, దాని వెనక చాలామంది ఒకేసారి మాట్లాడుతున్న గోల ఉంటుంది, విన్న వాక్యాన్ని నేను తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే గోల పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. అలా పెంచుతూ తగ్గిస్తూ పోయి, ఎంత గోలలో నాకు సగం మాటలు అందుతాయో తేలుస్తారట.

"అందకపోతే ఊహించి అయినా చెప్పండి" అంది.

మొదటి వాక్యాలు సులువుగానే వచ్చాయి. తర్వాత గోల లేచింది. పెళ్లి భోజనాల దగ్గర ఉంటుందే, ఏ మాట ఎవరిదో తెలియని ఆ రొద. అందులో ఆ ఆడగొంతు మునుగుతూ తేలుతూ ఉంది. "పెద్దబ్బాయి పక్కన కూలి చేశాడు" అని చెప్పాను. తప్పని నాకే తెలుసు. అసలు వాక్యం "పెద్ద బావి పక్కన పూలు పూశాయి" అని ఆ అమ్మాయి తర్వాత చూపించింది. ఇంకొక వాక్యంలో చివరి మాట ఒక్కటే దొరికింది. దాని తర్వాత దాంట్లో ఒక్కటీ దొరకలేదు. అరచేతులకు చెమట పట్టింది. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అర్థం కానప్పుడు పట్టే చెమట అది. అద్దంలోంచి ఆ అమ్మాయి ముఖం వైపే చూస్తున్నాను. కనుబొమలు కదిలితే తప్పు, తల కొంచెం వంగితే ఒప్పు అని అప్పటికే కనిపెట్టేశాను.

ఆమె మధ్యలో ఆపి లోపలికొచ్చింది. "మేడం, నా ముఖం చూడొద్దు. అది రికార్డు చేసిన గొంతు, నా పెదాల్లో మీకేం దొరకదు" అంటూ నా కుర్చీ గోడవైపు తిప్పేసింది.

గోడవైపు తిరిగాక ఇంకా దిగజారింది. ముఖం లేని మాట చీకట్లో చేయి చాపినట్టు ఉంది. ఎంతసేపయిందో తెలియదు. తలుపు తెరిచేసరికి చీర వీపుకు అంటుకుపోయింది.

బయట నాయన పక్కన నన్ను కూర్చోబెట్టి కాగితం చూపించి చెప్పింది. "చెవులు బాగున్నవాళ్లకు గోల మాటతో సమానంగా ఉన్నా, కాస్త ఎక్కువున్నా సగం మాటలైనా అందుతాయి. మీకు గోలకన్నా మాట బాగా పెద్దగా ఉంటేనే సగం అందుతున్నాయి. నిశ్శబ్దంలో మీకు ఏ ఇబ్బందీ లేదు. అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు." తర్వాత అడిగింది. "చిన్నప్పుడు పెద్ద శబ్దాల మధ్య ఉన్నారా?"

నాకు నవ్వొచ్చింది. నగరిలో మా ఇంట్లో నడవా దాటితే మగ్గాల షెడ్డే. పొద్దున కరెంటు వచ్చినప్పటి నుంచి మగ్గాలు దడదడలాడుతుంటే ఆ పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టాను, పాఠాలు చదివాను, నిద్రపోయాను. నర్సింగ్‌కు వెళ్లేదాకా అంతే. "అదే కారణమని తేల్చి చెప్పలేను. కావచ్చు" అంది ఆ అమ్మాయి.

అని, నాయన వైపు తిరిగింది. "పెద్దాయనా, మీకెట్లా వినబడుతుంది?"

"నాకేంమ్మా, బాగా ఇనబడతాది" అన్నాడు నాయన.

ఆమె నా కాగితాల ఫైలు ఎత్తి తన నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దున ఏం తిన్నారు?" అని మామూలు గొంతుతో అడిగింది.

నాయన ఫైలు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, సాయం కోసం. చిరునవ్వు నవ్వి తల ఊపాడు.

ఆ తల ఊపడం నాకు తెలుసు. అది నాదే.

ఆమె ఫైలు తీసేసి మళ్లీ అడిగింది. "ఇడ్లీలు తిన్నాను తల్లీ. పాపకు గూడా తెచ్చినా" అన్నాడు వెంటనే.

"నాయనా, నీకు ఎన్నాళ్ల నుంచి ఇనబడలా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎంతోమంది రోగుల జబ్బును ముఖం చూసి పసిగట్టిన దాన్ని. కన్న తండ్రికి చెవులు వినబడడం లేదని నాకు తెలియదు.

"ఇనబడకుండా ఏముందిలే. మనిషిని సూస్తే మాట తెలస్తాది" అన్నాడు నాయన. "మగ్గాల కాడ అందరమూ ఇంతే గదా. నీకు మాత్రం ఎవురు నేర్పించినారు? మీయమ్మ ఆ మూల నుంచి నోరు కదిపితే ఈ మూల నువ్వు లేసి పోతా ఉంటివి."

ఫోన్ ఆయనకు ఎందుకు ఇష్టం లేదో అప్పుడు తెలిసింది. ఇడ్లీలు తినేటప్పుడు ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన నా పెదాల వైపు చూస్తున్నాడని ఆ రోజే మొదటిసారి గమనించాను.

చిత్తూరు తిరిగొచ్చాక ఆ కాగితం బీరువాలో చీరల కింద పెట్టాను. హెడ్ సిస్టర్‌కు చెప్పాలి. చెబితే క్యాజువాలిటీ నుంచి తీసేస్తారు. రిసెప్షన్‌లో కూర్చోబెడతారు, లేదా అసలు రావద్దంటారు. చెప్పకపోతే ఇంకో రోజు ఇంకో సిరంజి. రెండు వారాలు అలాగే గడిపాను. డ్యూటీలో ప్రతి మాటకూ డాక్టర్ ముందుకు వెళ్లి నిలబడేదాన్ని. ఆయన పక్కకు తిరిగితే నేనూ తిరిగేదాన్ని. "ఏమైంది సిస్టర్ మీకు, దారికి అడ్డం వస్తున్నారు?" అని ఒకసారి కసిరాడు. మందు ఎక్కించిన ప్రతిసారీ కేసు షీటు మూడుసార్లు చూసుకునేదాన్ని. అయినా ఇంటికి వెళ్లాక అన్నం ముందు కూర్చుంటే, ఇవాళ ఎవరికి ఏం తప్పు ఇచ్చానో అన్న అనుమానం వచ్చి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు ఐరాల అమ్మాయి సెలవు పెట్టింది. ఆమె లేదని తెలియగానే లోపలికి అడుగు పడలేదు. ఆమె చెవుల మీద ఆధారపడి పని చేస్తున్నానని అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. డ్యూటీ ఎక్కకుండా నేరుగా హెడ్ సిస్టర్ గదికి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టాను. ఇన్సులిన్ సంగతి కూడా చెప్పాను.

హెడ్ సిస్టర్ నాకంటే పదేళ్లు పెద్దది, పలమనేరు ఆమె. కాగితం కంటే ఆ సంగతినే ఆమె ఎక్కువ పట్టించుకుంది.

"అది జరిగి ఎన్నాళ్లయింది?"

చెప్పాను.

"ఆ పొద్దే ఎందుకు రాయలేదు?"

"భయమేసినాది సిస్టర్."

"నీ భయానికి ఆ పెద్దాయన పానం పోయుంటే?" అంది. ఆమె లేచి రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. "ఇప్పుడు రాయి. ఉండేది ఉండేట్టు రాయి. సెవుల సంగతి తరవాత మాట్లాడదాం."

రాశాక ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది. ఆ రోజు నుంచి నన్ను ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే వార్డుకు మార్చింది. అక్కడ కొంచెం నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని శిక్ష అనుకోవాలో దయ అనుకోవాలో నాకు చాలా రోజులు తెలియలేదు. వారం తిరిగేసరికి క్యాజువాలిటీ గోడ మీద కాగితం ఒకటి అతికించారు. డాక్టర్ నోటితో చెప్పిన ప్రతి మందునూ నర్సు తిరిగి చెప్పాలి, డాక్టర్ అవునన్నాకే ఇవ్వాలి. నర్సులందరూ అంతే, నేనొక్కదాన్నే కాదు. కొందరికి అది చాదస్తంగా అనిపించింది. ఎవరివల్ల వచ్చిందో అందరికీ తెలుసు. కొన్నాళ్లు నాకు "మళ్లీ సిస్టర్" అని పేరు పెట్టారు.

తిరుపతిలో పరీక్ష చేసిన అమ్మాయి రెండు చెవులకూ చిన్న వినికిడి మిషన్లు పెట్టి నెల రోజులు వాడి చూడమంది. మొదటి వారం ప్లేటు మీద చెంచా పడితే ఉలిక్కిపడేదాన్ని. వాటితో పాటు చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు ఒకటి ఉంటుంది. ఎదుటి మనిషి పెట్టుకుంటే ఆ గొంతు నేరుగా నా చెవిలోకి వస్తుంది. నెల తర్వాత మళ్లీ ఆ గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఈసారి ఇంకొన్ని మాటలు ఎక్కువ అందాయి. మైకు పెట్టినప్పుడు చాలా ఎక్కువ. ఉత్త మిషన్లతో కొంచెమే. "గోలను పూర్తిగా తీసేయడం ఏ మిషన్ వల్లా కాదు మేడం. మీరు అడగడం మానకూడదు" అంది ఆ అమ్మాయి. నాకు అబద్ధం చెప్పనందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

నాయనను కూడా పరీక్షకు కూర్చోబెట్టాం. ఆయనకు కూతలే సగానికి పైగా అందలేదు. మిషన్లు పెట్టించాను. మగ్గాల దగ్గర తీసేస్తాడు, ఇంట్లో పెట్టుకుంటాడు, అదీ అమ్మ అరిచినప్పుడు మాత్రం తీసేస్తాడట. చెవులు కప్పే మఫ్లు కొనిచ్చి మగ్గాల దగ్గర పెట్టుకోమన్నాను. "అయి పెట్టుకుంటే పోగు తెగినప్పుడు మగ్గం సప్పుడు మారేది తెలీదు పాపా" అన్నాడు. మేము ఇంకా దాని మీద పోట్లాడుకుంటూనే ఉన్నాం.

ఆరు నెలల తర్వాత హెడ్ సిస్టర్ నన్ను పిలిచి, వారానికి రెండు రోజులు క్యాజువాలిటీకి వెళ్తావా అని అడిగింది. వెళ్తానన్నాను. ఇంటికొచ్చి ఎందుకు ఒప్పుకున్నానా అని కూర్చున్నాను.

మొదటి రోజు కొత్త డాక్టర్ ఉన్నాడు, నన్నెప్పుడూ చూడలేదు. మాస్కు కట్టుకునే ఉన్నాడు. అప్పుడే అంబులెన్సులో ఒకర్ని దించుతున్నారు, బంధువులు గేటు దగ్గర తోసుకుంటున్నారు. ఆయన మొదటి మాట చెప్పకముందే నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"సార్, నాకు గోలలో మాట సరిగా అందదు. మీరు చెప్పింది తిరిగి చెబుతాను, సరిచూడండి. ఈ మైకు చొక్కాకు పెట్టుకుంటే ఇంకా మంచిది."

ఆయన నా చెవుల వైపు చూశాడు. మైకు వైపు చూశాడు. నేను మైకు చాపిన చేయి వెనక్కి తీయలేదు. ఆయన మైకు తీసుకుని కాలరుకు తగిలించుకున్నాడు, తలకిందులుగా. నేను సరిచేశాను. ఆయన మొదటి మందు పేరు చెప్పాడు. నేను తిరిగి చెప్పి, ఆయన అవునన్నాక సిరంజి తీసుకున్నాను.